మొహం చూపించని పునీతుడు

నాకు పుట్టినరోజులు రెండు. జులై ఒకటి బడిలో హెడ్‌మాస్టరు గారు రాసింది. పాస్‌పోర్టూ, మెడికల్ లైసెన్సూ దాన్నే నమ్మాయి. రెండోది అమ్మ చెప్పింది.

విశాఖలో ఫ్రెంచి ఫాదరు గారి గది ఊడ్చేది అమ్మ. ఆయన బల్ల మీద పాత బొమ్మల పుస్తకం ఉండేది. రోజుకొక పునీతుడు. ఏ రోజు పేజీ ఆ రోజు తెరిచి పెట్టేవారట. నాకోసం నొప్పులు మొదలైన పొద్దున కూడా అమ్మ ఆ బల్ల తుడిచింది.

“మొహం చూపించని పునీతుడి రోజున పుట్టావురా,” అనేది. “మనకి వీపు పెట్టి వెళిపోతన్నాడు. మడమలు నాలాగే పగిలున్నాయి.”

అమ్మకి చదువు రాదు, తేదీ తెలియదు. నాకు అడగాలని తోచేసరికి ఫాదరు గారు వాళ్ళ దేశం వెళ్ళిపోయారు.

మొన్న జులైలో, డెట్రాయిట్ పక్కనున్న నోవైలో, నాచేత ఎనభై ఒకటో కేకు కోయించారు. ఆ చప్పట్లు పక్క గదిలో ఇంకెవరికో కొడుతున్నట్టు వినిపించాయి. అమ్మ చెప్పిన రోజు ఒక్కటైనా నాదని తెలిస్తే చాలనిపించింది. మనవరాలు ఇషాకి చెప్పాను. డెట్రాయిట్ మ్యూజియంలో అలాంటి పుస్తకం ఉందని కనిపెట్టింది.

“సేమ్ బుక్ అని ష్యూర్ లేదు తాతా. ఆ బొమ్మలే మళ్ళీ మళ్ళీ ప్రింట్ చేసారంట.”

నిన్న వెళ్ళాం. చేతులు కడిగించి, పెన్నులు తీసేసుకుని, పుస్తకం మా ముందు పెట్టారు. నాలుగు వందల ఏళ్ళ కిందట రాగిరేకు మీద సూదితో గీసి అచ్చు వేసిన బొమ్మలు, ఒక్కోటి అగ్గిపెట్టెంత. కత్తులు, చక్రాలు, సింహాలు. జనవరి నుంచి భూతద్దంతో చూస్తూ వచ్చాను. ఏప్రిల్లో ఒకాయన వీపు పెట్టి నిలబడ్డాడు.

“గాట్ హిమ్,” అంది ఇషా.

“కాదు. చెప్పులున్నాయి.”

“నువ్వు డాక్టర్‌వా, డిటెక్టివ్‌వా?”

ఆగస్టు దాటింది. అక్టోబరు దాటింది. అమ్మ ఊరికే కల్పించిందేమోనని మొదటిసారి భయం వేసింది.

నవంబరులో ఒకాయన కొండ ఎక్కిపోతున్నాడు. ఉత్త కాళ్ళు. ఎత్తిన మడమ మీద వెంట్రుక కంటే సన్నగా మూడు గీతలు. గడప మీద కూర్చుని కొబ్బరినూనె రాసుకునే అమ్మ కాళ్ళు కనిపించి భూతద్దం దించేశాను.

బొమ్మ కింద ఉన్న అక్షరాలు ఇషా చదివింది. “నవంబర్ ట్వెల్వ్. అయ్యో తాతా, లాస్ట్ వెన్స్‌డే. మిస్ అయిపోయాం.”

ఆ బుధవారం ఏం చేశానో గుర్తు తెచ్చుకున్నాను. కారు ఆయిల్ మార్పించాను. కాగితం కప్పులో కాఫీ తాగాను. ఇంటికొచ్చి, చలికి పగిలిన మడమలకి వాజ్‌లైన్ రాసుకున్నాను.