ముఖం కడుక్కుని రండి

నేనొక చేతి అద్దాన్ని. గుండ్రంగా, అరచేతికంటే కాస్త పెద్దగా ఉంటాను. నా గాజు ఏ ఊరిదో నాకే తెలియదు గానీ, పిడి మాత్రం ఏటికొప్పాక అంకుడు కర్ర. లక్కబొమ్మలు చేసే చెయ్యే దాన్ని తరిణె పట్టి, గుండ్రంగా తిప్పి, ఎర్ర లక్క అద్దింది. అందుకే నాకు గాజు కంటే పిడి గురించి కాస్త గర్వం ఎక్కువ.

మొదటి కొలువు కాకినాడలో ఒక బ్యూటీ పార్లర్. జుట్టు కత్తిరించడం అయ్యాక నన్ను తల వెనక పట్టుకుని "ఎలా ఉందండీ?" అనేవారు. బాగోలేదని ఎవరూ అనేవారు కాదు. కత్తిరించిన జుట్టు మళ్ళీ అతకదు కదా! ఆ పార్లరావిడ మకాం మార్చేటప్పుడు, చర్మవ్యాధుల డాక్టరైన తన స్నేహితురాలు హైమవతి గారికి నన్ను ఇచ్చేసి వెళ్ళింది.

ఈ డాక్టరుగారి పద్ధతే వేరు. లేజర్ అన్నా, సూది అన్నా, వచ్చినవాళ్ళని ముందు ముఖం కడుక్కుని రమ్మంటారు. మన జనం సంగతి తెలిసిందేగా. ముఖం బాగోలేదని డాక్టరు దగ్గరికి వస్తూ, ఆ ముఖానికి పౌడరు దట్టించుకుని మరీ వస్తారు. కడుక్కుని వచ్చాక నన్ను చేతికిచ్చి, "మీకు బాధగా ఉన్నదేదో వేలు పెట్టి చూపించండి" అంటారు.

అప్పుడు చూడాలి తమాషా! ఒకాయన ముక్కు దగ్గర మొదలుపెట్టి చెవుల దాకా పన్నెండు లోపాలు చూపించాడు. నాకైతే ఒక్కటీ కనబడలేదు. డాక్టరుగారు సూది పక్కన పెట్టి, ఆయనతో గంటసేపు మాట్లాడి, మనసు డాక్టరు దగ్గరికి పంపారు. ఇంకొకామె పుట్టుమచ్చ తీసెయ్యమంటే, ఆమె చెవి కుట్టిన చోటు చూశారు. అక్కడ మచ్చ కాయలా లేచి ఉంది. "మీ చర్మం తీరు ఇదమ్మా, తీస్తే ఇంతకంటే పెద్దది లేస్తుంది" అని తిప్పి పంపేశారు. ఇలా అందరినీ వెనక్కి పంపితే మేం తినేదేమిటని నాకు బెంగ పట్టుకునేది.

అలాంటి చోటికి ఒక ఫిబ్రవరి ఉదయం నూకరత్నం వచ్చింది. చీరల దుకాణంలో పట్టుచీరల కౌంటరు తొమ్మిదేళ్ళుగా ఆవిడదే. బుగ్గల మీద మంగు మచ్చలు పెరిగాయని, నెల్లో తగ్గకపోతే గోడౌన్‌లోకి వెళ్ళి చీరలు మడతపెట్టుకోమన్నాడట యజమాని.

"పీలింగని చేస్తారంట కదండీ. ఏదో మందు పూస్తే పైపొర ఊడొచ్చేస్తదంట. అది చేసెయ్యండి డాక్టరుగారూ. కౌంటరు పోతే నేనింకెందుకూ పనికిరానండి."

"మందులేమైనా వాడుతున్నారా?"

"అబ్బే, తలనొప్పి మాత్ర కూడా మింగనండి."

ముఖం కడుక్కుని వచ్చి, నన్ను పట్టుకుని రెండు బుగ్గలూ చూపించింది. డాక్టరుగారు తల ఊపి, వచ్చే వారానికి పీల్ రాయడానికి కలం తీస్తూ నన్ను వెనక్కి అందుకున్నారు. నేను డాక్టరుగారి చేతిలోంచి జారబోయాను. నా పిడి నిండా తెల్లటి జిడ్డు. డాక్టరుగారు కళ్ళజోడు పైకి తోసి, పిడిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఇప్పుడేగా కడుక్కొచ్చారు. ఇదేంటమ్మా?"

నూకరత్నం తల దించుకుంది. "కడుక్కున్నానండి. కానీ క్రీము రాయకపోతే మంటెత్తిపోద్దండి. మొహమంతా కందిపోద్ది. ఆ మొహం మీకెలా చూపిస్తానండీ? అందుకని బాత్రూంలోనే కొంచెం రాసుకొచ్చాను. అది మందు కాదండి, తెల్లబడే క్రీమే. రెండేళ్ళ నుంచి రాస్తన్నాను."

డాక్టరుగారు కలం కింద పెట్టేశారు. "మానితే మంటెత్తుతోందంటే ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా. మీ చర్మం ఉల్లిపొరలా అయిపోయింది. దీని మీద పీల్ వేసుంటే ముఖం కాలిపోయేది." నన్ను బల్ల మీద పెట్టి, "తప్పు నాది కూడా. మందులని అడిగాను గానీ క్రీములని అడగలేదు" అన్నారు. ఆ రోజే, వచ్చినవాళ్ళని అడిగే ప్రశ్నల కాగితంలో క్రీముల గురించి ఒక ప్రశ్న పెరిగింది.

"క్రీము మెల్లగా మాన్పిద్దాం. మొదట్లో ఇంకా ఎర్రబడుతుంది. ఆరు నెలలు ఓపిక పట్టాలి."

"ఆర్నెల్లా? నెల్లో నా కౌంటరు పోద్దండి!" అని భోరుమంది. ఉన్నది ఉన్నట్టు చూపించడమే నా వృత్తి అయినా, ఆ పూట ఆ ముఖం చూపించడానికి నాకే చేతకాలేదు.

అన్నట్టే గోడౌన్‌కి పంపేశారు. నెలనెలా వచ్చేది, చున్నీ ముఖానికి చుట్టుకుని. రెండో నెలలో ముఖం నిప్పులా ఉండేది. పారిపోతుందనుకున్నాను. పారిపోలేదు. నాలుగో నెలకి మంట చల్లారింది. ఇంతలో శ్రావణమాసం వచ్చింది, పట్టుచీరల బేరం జోరందుకుంది. వచ్చినవాళ్ళంతా, "ఆ రత్నమ్మగారేరీ? ఒంటికి నప్పే రంగు తియ్యడం ఆవిడకే తెలుసు" అని లేచి వెళ్ళిపోతుంటే, యజమానే గోడౌన్ దాకా నడిచి వెళ్ళి పిలుచుకొచ్చాడట. మచ్చలు అప్పటికింకా సగం ఉన్నాయి. వాటి ఊసే ఎత్తలేదట మహానుభావుడు!

నవంబరులో మళ్ళీ వచ్చింది. ముఖం కడుక్కుని ఏమీ రాసుకోకుండా కూర్చుంది. డాక్టరుగారు బుగ్గలు నొక్కి చూసి, "చర్మం కోలుకుంది. కావాలంటే ఇప్పుడు పీల్ చెయ్యొచ్చు. చూపించండి" అని నన్ను చేతికిచ్చారు.

ఎడమ బుగ్గ మీద మంగు ఇంకా లేతగా ఉంది. నూకరత్నం చాలాసేపు చూసుకుంది. వేలు లేచింది. ఏ బుగ్గ మీద ఆగుతుందోనని చూస్తున్నాను. వేలు నుదుటికి వెళ్ళింది. ముఖం కడిగినప్పుడు పక్కకి జరిగిన స్టిక్కరు బొట్టుని మధ్యకి జరుపుకుంది.

"ఇంకేం లేదండి. పదిన్నరకి కౌంటరు తియ్యాలి, వెళ్ళొస్తాను."

పదకొండేళ్ళుగా ఈ ఆస్పత్రిలో ఉన్నాను. నన్ను పట్టుకుని బొట్టు సరిచేసుకున్న మనిషి ఆవిడొక్కతే.