ఎనిమిది సాంచల నడుమ

తెగిన పోగును చూసి పర్శరాములు సాంచను ఆపాడు. చూపుడువేలు, బొటనవేలు నాలుకకు తడిపి, రెండు కొసలు కలిపి మెలిపెట్టాడు. మరమగ్గం మళ్లీ దడదడలాడింది. ముప్పై ఏళ్లుగా ఇదే పని. సిరిసిల్లలో ఎనిమిది సాంచలు, వాటి నడుమ మూరెడు సందు. ఆ సందులో అటు నడిచి ఇటు తిరిగేసరికి మనిషి బతుకు అయిపోతుంది.

పొత్తికడుపు మీద హెర్నియా ఆపరేషన్ గాయం. షుగరు వల్ల విచ్చుకుంటే మళ్లీ కుట్టారు. మానేదాకా నిలబడొద్దని డాక్టరు చెప్పాడు. పర్శరాములుకు చెప్పాడు సరే, సేటుకెవరు చెప్పాలి?

"సోమారం దాక చూస్త. పొద్దంత నిలబడకుంటే సాంచలు ఇంకోనికిస్త" అని సేటు నిన్ననే తేల్చేశాడు.

బుధవారం మధ్యాహ్నం భార్య అనసూర్యతో కరీంనగర్ బస్సెక్కాడు. ఆసుపత్రిలో నర్సు సృజన అతని రక్తం తీసి, గొట్టాన్ని గిర్రున తిరిగే మిషన్‌లో పెట్టింది. కాసేపటికి ఎరుపు అడుగుకు దిగి, పైన పసుపు నీరు తేలింది.

"గిదే మందు కాకా. నీ రక్తంలదే. అంచులకు ఎక్కిస్తే కండ పట్టుకుంటది. పోయిన వారం ఎక్కించినం గద, సగం మూసుకుంది."

"నా రక్తం తీసి నాకే ఇస్తవా బిడ్డా? మా సేటుకు తీసుకునుడే ఎరుక!"

"నవ్వకు, కుట్లు గుంజుతయి. చెయ్యి పెట్టకు. ఇంకో వారం నిలబడకు."

అనసూర్య తలూపింది. అతను ఊపలేదు.

సాయంత్రం మళ్లీ ఆ సందులోనే. చెమటకు కట్టు జారింది. చొక్కా ఎత్తి చూశాడు. గాయం చివర కుట్టుదారం కొస పొడుచుకొచ్చి ఉంది. పోగు. ఆలోచన రాలేదు, వేళ్లే కదిలాయి. నాలుకకు తడిపాడు, కొస పట్టి మెలిపెట్టాడు, బిగించి లాగాడు. చురుక్కుమంది. కొత్తగా పట్టిన కండ విచ్చుకుంది. కట్టు మీదికి లాక్కుని ఏడో సాంచ దగ్గరికి పోయాడు.

శుక్రవారం గాయం వాచింది. శనివారం ఒళ్లు కాలిపోయింది.

"దవాఖానకు నడువు, నీ కాళ్లు మొక్కుత" అని అనసూర్య చెయ్యి పట్టి గుంజింది.

"సోమారం కానియ్యి."

సోమవారం పొద్దున్నే వచ్చి నిలబడ్డాడు. పదింటికి ఐదో సాంచ మీద పోగు తెగింది. ఆపాడు. వేళ్లు నాలుక దాకా తెచ్చి, అక్కడే కూర్చుండిపోయాడు. మిగతా ఏడూ నడుస్తూనే ఉన్నాయి. ఆ చప్పుడులో అతను పోయాడని చాలాసేపు ఎవరికీ తెలియలేదు.

మర్నాడు సేటు కొత్త మనిషిని పెట్టాడు. అతను ఏడింటిని నడుపుతున్నాడు, ఐదోదాన్ని ముట్టడం లేదు. దాని మీద తెగిన పోగు రెండు కొసలూ అట్లే వేలాడుతున్నాయి.