నేను పట్టుకున్న అట్ట

"నాగా, ముక్కలయ్యాయా?" హాల్లోంచి ఆయన కేక.

"అవుతున్నాయండీ," అన్నాను మూకుడులో వంజరం చేప ముక్కలు తిరగేస్తూ. ఆదివారం మధ్యాహ్నం. హాల్లో మా ఆయన ఫణిధర్, వీధి సంఘం సెక్రటరీ వెట్రివేల్, మధ్యన ఒక సీసా. మా వీధి మొదట్లో పెట్టిన బ్రాందీ షాపుని ఎలా తీయించాలా అని మంతనాలు. రేపు ధర్నా. గొంతులో రెండు గుక్కలు పడందే ఆ పోరాటానికి ఆలోచన తట్టదు కాబోలు. నాకు నవ్వొచ్చింది. వంటింట్లో నవ్వొస్తే ఎవరితో చెప్పుకుంటాం? నూనె చిటపటలాడుతుంటే ఒక్కదాన్నే నవ్వుకుని ఊరుకున్నాను.

ఆయన ఉద్యోగం కోసం యానాం నుంచి పుదుచ్చేరి వచ్చి మూడేళ్ళయింది. మేముండే ఈ ఉప్పళం పేటలో తమిళం వింటే సగం అర్థమవుతుంది నాకు. చదవడం మాత్రం బొత్తిగా రాదు. షాపు వచ్చాక వీధి రెండు ముక్కలైంది. తీసేయాలనేవాళ్ళదొక వాట్సాప్ గ్రూపు, ఉంటే ఏం నష్టం అనేవాళ్ళదొకటి. షాపుకి గది అద్దెకిచ్చిన పక్కింటివాళ్ళు నవరాత్రి బొమ్మల కొలువుకి పిలిస్తే ఎదురింటి టీచరు కార్తిక వెళ్ళనే లేదు. కార్తికదీ తప్పు కాదు. ట్యూషన్ నుంచి వస్తున్న ఆమె కూతుర్ని ఒక తాగుబోతు అడ్డగించాడు. ఆ పిల్ల ఇప్పుడు రెండు వీధులు చుట్టి ఇంటికి వస్తోంది.

షాపు పక్కనే తిలగమక్క చేపల వేపుడు బండి. ఆమె పెద్దలు ఏ కాలంలోనో తెలుగు నేల నుంచి ఇక్కడికి వచ్చారు. తెలుగు అక్షరం ఒక్కటి రాదుగానీ మాట పోలేదు. ఆమె మొగుడు తాగి తాగి పోయాడు. "నా మొగుణ్ణి మింగిందీ అదే పాపా, నాకు కూడు పెడతా ఉండేదీ అదే. ఏం జేసేది, చెప్పు?" అంటుంది. ఆమెదీ తప్పు కాదు. కురుచికుప్పం నుంచి తన బండికి చేపలు తెచ్చుకుంటూ నాకూ నాలుగు ముక్కలు పట్టుకొచ్చేది. ఈ ఊళ్ళో నాతో నోరారా తెలుగులో మాట్లాడేది ఆమె ఒక్కతే.

ఇంతకీ నేనెటు? ఆ మాట నన్నెవరూ అడగలేదు. సంఘం మీటింగులో మా ఆయన లేచి "మా ఇంటి అభిప్రాయం షాపు పోవాలనే," అని చెప్పేశాడు. మా ఇల్లంటే ఆయనే. ఆయన సీసా మాత్రం ఆఫీసు నుంచి వస్తూ కోసపాళయంలో కొంటాడు. "అక్కడ మాత్రం మనుషులు లేరాండీ?" అన్నానొకసారి. "నీకన్నీ తిక్క ప్రశ్నలే," అన్నాడు. మా అత్తగారికి ఫోన్‌లో మొత్తుకుంటే, "ఇంట్లో కూర్చునే తాగుతున్నాడు కదే, రోడ్డున పడట్లేదుగా. అదృష్టవంతురాలివి," అంది. ఆ అదృష్టానికి వేపుళ్ళు చేసేది నేను, వాంతి కడిగేదీ నేనే.

మొన్నటి ధర్నాకి మంచి చీర కట్టుకోమన్నాడు. "ఆడవాళ్ళు ముందుంటే పోలీసులు తొయ్యరు, ఫోటో కూడా బాగా పడుతుంది," అని తమిళంలో రాసిన అట్ట ఒకటి చేతికిచ్చి మొదటి వరసలో నిలబెట్టాడు. ఫోటో తమిళ పేపర్లో వచ్చింది. యానాంలో వాళ్ళవాళ్ళందరికీ పంపించి తెగ మురిసిపోయాడు. నిజం చెప్పొద్దూ, నేనూ కాస్త మురిశాను. ఆ రోజు నుంచి తిలగమక్క నన్ను చూసి మొహం తిప్పేసుకునేది. పాలకి వెళ్ళినా కూరలకి వెళ్ళినా పెదవి విప్పకుండా తిరిగొచ్చేదాన్ని. సాయంత్రమయ్యేసరికి నా గొంతు నాకే కొత్తగా ఉండేది.

ఈ పొద్దున ఇక ఉండబట్టలేక బండి దగ్గరికి వెళ్ళాను.

"అక్కా, కోపమా?"

"నాకేల పాపా కోపం? పేపర్లో బాగుండావు. చీర బాగుండాది." చేప మీది పొలుసు గీకుతూనే అడిగింది. "ఆ అట్టలో ఏం రాసుండారో తెలుసునా నీకు?"

"షాపు తీసేయమని."

"అంగడి మాటే లేదు దాంట్లో. రోడ్డు మింద బండ్లు ఎత్తేయండి అని ఉండాది. ఈడుండే బండి నాదొకటే గదా!"

"నాకు చదవడం రాదక్కా," అన్నాను.

"అది నాకు తెలీదా? రానిదాన్ని ఏల పట్టుకున్యావు?" అంది. తరవాత కత్తి పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "సరే, నీకేం గావాల? అంగడి ఉండాల్నా, పోవాల్నా?"

నాకేం కావాలి? ఏళ్ళ తరబడి వాడని గదిలోకి వెళ్ళి ఏదో వెతుక్కుంటున్నట్టుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏడవబాక. తెలుసుకోని రా," అంది తిలగమక్క.

ఇప్పుడు వేగిన ముక్కల పళ్ళెం తీసుకెళ్ళి హాల్లో పెట్టాను. గోడకి రేపటి అట్ట ఆనించి ఉంది. "ఇందులో ఏం రాశారు?" అని అడిగాను.

"ఉండాల్సిందే ఉంది. పట్టుకుంటే చాలు," అన్నాడాయన.

"మొన్నటి దాంట్లో తిలగమక్క బండి ఎత్తేయమని ఉందట."

వెట్రివేల్ నవ్వి తమిళంలో ఏదో అన్నాడు. నాకు అర్థమైంది. షాపువాళ్ళు పెద్దవాళ్ళు, వాళ్ళతో పెట్టుకుంటే ఏళ్ళు పడుతుంది. బండి అయితే తేలిక, అదొకటి పోయినా సంఘం గెలిచినట్టేనట. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. ఇద్దరూ మళ్ళీ గ్లాసులు నింపుకున్నారు. అట్ట తీసుకుని వంటింట్లోకి వచ్చి స్టౌ కట్టేశాను.

అట్ట వెనక వైపు ఖాళీగా ఉంది. తిలగమక్క అడిగిన దానికి జవాబు అప్పటికి నాకు దొరికింది. పచ్చడి సీసాల మీద పేర్లు రాసే మార్కర్‌తో తెలుగులో పెద్ద అక్షరాలు రాశాను.

"తిలగమక్క బండి ఉండాలి. సీసా పోవాలి, ముందు మా ఇంట్లోంచి."

రేపు వీధిలో దీన్ని చదవగలిగేవాడు మా ఆయన ఒక్కడే. కార్తికకి అర్థం కాదు. తిలగమక్కకి నేనే చదివి వినిపించాలి. ఈసారి ఫోటో యానాంకి నేనే పంపిస్తే మాత్రం మా అత్తగారితో సహా అందరూ చదువుకుంటారు. భయం వేసింది. అయినా అక్షరాలు కుదురుగానే వచ్చాయి.

"ఏం చేస్తున్నావక్కడ? రేపు ముందు వరసలో నువ్వే, గుర్తుందిగా!" హాల్లోంచి ఆయన కేక.

"గుర్తుందండీ," అన్నాను. "పట్టుకుంటే చాలన్నారుగా."