ఎడమవైపు కొండ

నేను ఒక జింకు రేకును. వెడల్పు జానెడు, పొడవు జానెడున్నర. విశాఖపట్నంలో ఒక రేకుల దుకాణంలో నన్ను కోసి, అంచులు అరగదీసి, ఇందుమతి అనే చిత్రకారిణి చేతిలో పెట్టారు. రేకు మీద బొమ్మ గీసి కాగితాల మీద అచ్చు తీయడం ఆమె పని.

ఆ చలికాలం ఆమె భీమిలి దగ్గర కొర్లయ్య అనే ముసలి జాలరి పడవెక్కి, సముద్రంలోంచి కనిపించే కొండను కాగితం మీద గీసుకుంది. ఇంటికొచ్చి నా ఒంటికి నల్లని మైనం పూసి, సూదితో అదే కొండను గీసింది. నాకు నొప్పేమీ లేదు. సూది మైనాన్నే గీకుతుంది. అసలు పని యాసిడ్‌ది. తొట్టిలో పడుకోబెడితే, అది మైనం లేచిపోయిన గీతల్లోకి దిగి నన్ను సన్నగా తినేసింది. పైకి లేచే బుడగల్ని ఆమె కోడి ఈకతో తుడుస్తూ కూర్చుంది. తర్వాత మైనం కడిగి, గీతల్లో సిరా నింపి, తడి కాగితం పరిచి, రోలర్ల మధ్య నొక్కింది. కాగితం ఎత్తగానే కొండ, తాటిచెట్లు, అలలు. గ్యాలరీ యజమాని చూసి, వారంలో మొదలయ్యే ప్రదర్శనకు పది ప్రతులు అడిగాడు.

మొదటి ప్రతిని ఆమె కొర్లయ్యకు పట్టుకెళ్లింది. చూపిద్దామని నన్నూ సంచిలో వేసుకుంది. ఆయన బొమ్మను చాలాసేపు చూశాడు.

"బాగుందమ్మా. కానీ కొండ కుడేపుందేటి? ఒడ్డుకొచ్చినప్పుడు మాకది ఎడమేపుండాల. ఇలగొస్తే పడవ రాళ్లమీదికెల్లిపోద్ది. మా తమ్ముడు పొగమంచులో అలగెల్లే తిరిగి రానేదు."

అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయని ఆమెకు తెలుసు. అది ఇంత పెద్ద విషయమని మాత్రం తెలియదు. మళ్లీ గీస్తానని ఆమె అంటే, బొమ్మ చూసేవాళ్లెవరూ పడవ నడపరని గ్యాలరీ యజమాని ఫోన్‌లో నచ్చజెప్పబోయాడు.

"నడిపే మనిషే చూశాడు కదండీ," అంది ఆమె.

నా మీది గీతలు చెరిపితే పోయేంత పైపైవి కావు. అందుకని నన్ను తిరగేసి, వీపును నున్నగా పాలిష్ పట్టి, మళ్లీ మైనం పూసింది. ఈసారి పడవలో గీసుకున్న బొమ్మకు ఎదురుగా అద్దం నిలబెట్టి, అద్దంలో కనిపించినట్టు గీసింది. చేయి పాత అలవాటుకొద్దీ అటే పోతుంటే ఆగేది, కాసేపు కిటికీలోంచి చూసి మళ్లీ మొదలుపెట్టేది. ఒక కొండను ఆ పక్కనుంచి ఈ పక్కకు తేవడానికి మనుషులు ఇంత అవస్థ పడతారని నేను అనుకోలేదు. ఈలోగా ప్రదర్శన ఆమె లేకుండానే జరిగిపోయింది.

ఈసారీ నన్ను సంచిలో వేసుకునే వెళ్లింది. కొత్త ప్రతిని కొర్లయ్య మోకాళ్ల మీద పరుచుకున్నాడు. నీళ్ల మీద వేలు పెట్టి, కొండ పక్కనుంచి మెల్లగా ఇసుక దాకా జరిపాడు. వేలు అక్కడ ఆగింది.

"మా తమ్ముడు ఒడ్డుకొచ్చీసినాడమ్మా," అన్నాడు.

 ఇందుమతి ఆయన పక్కనే ఇసుకలో కూర్చుంది.