నలుగురికీ ఒకటే నంబరు

మెసేజ్ వచ్చేసరికి కాలర్లామె నూట పదకొండో కాలరు తిరగేస్తోంది. చొక్కాల ఫ్యాక్టరీకి ఇంట్లోనే కాలర్లు కుట్టి పంపుతుంది కాబట్టి ఆ రేకుల ఇళ్ల వరసలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. కిటికీ ఊచకు వేలాడదీసిన సంచిలో ఫోను టింగుమంది. ఆ ఇంట్లో సిగ్నలు అందేది అక్కడొక్కచోటే.

కూడబలుక్కుని చదివింది. 'మీ ఛాతీ ఎక్స్‌రేలో అనుమానించదగ్గ మచ్చ కనిపించింది. ఆలస్యం చేయకుండా ఆరోగ్య కేంద్రానికి రండి.' అంతే. పేరు లేదు.

కాలర్లామె మళ్లీ మొదట్నుంచి చదివింది.

పది రోజుల కిందట కంకర క్రషర్ గేటు దగ్గరికి టీబీ పరీక్షల ఎక్స్‌రే బండి వచ్చింది. ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి, అలాంటిది బండే గుమ్మంలోకి వచ్చేసరికి వరసంతా కదిలింది. ఆమె, మొగుడు, మరిది, అత్త నలుగురూ తీయించుకున్నారు. పెళ్లికే తనకు ఫోటో తియ్యలేదనీ, ఇప్పుడు ఏకంగా లోపలిది తీశారనీ అత్త బండి దిగుతూ అందర్నీ నవ్వించింది. ట్యాబ్‌లో వివరాలు ఎక్కిస్తున్న నర్సు ఫోను నంబరు అడిగితే నలుగురూ ఒకటే చెప్పారు. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను మరి.

ఆ మచ్చ ఎవరిదని ఆలోచించాల్సిన పనే ఆమెకు కనపడలేదు. మొగుడిదే. పన్నెండేళ్లుగా క్రషర్‌లో రాతిపొడి మింగుతున్నాడు. పొద్దున లేవగానే నీళ్ల తొట్టి పట్టుకుని వంగి దగ్గుతాడు. ఆ దగ్గుకి తన చెవులు అలవాటు పడిపోయినందుకు ఇప్పుడు తనని తానే తిట్టుకుంది.

మెసేజ్‌లో ఉన్న నంబరుకి ఫోను చేసింది. తియ్యటి గొంతొకటి ఒకటి నొక్కమంది, తర్వాత నాలుగు నొక్కమంది, కాసేపు ఆగమని పాట పెట్టింది. పాట అయిపోగానే లైను తెగింది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అదే పాట.

ఫోను సంచిలో పడేసి లేచింది. మొగుడి గ్లాసు, కంచం తీసి వేరుగా అటక మీద పెట్టింది. అతని తువ్వాలు సలసలా కాగే నీళ్లలో వేసింది. నాలుగేళ్ల కూతురు రోజూ వాళ్లిద్దరి మధ్యే పడుకుంటుంది. పక్కబట్టలు రెండుగా విడదీసి, పిల్ల దిండు తన వైపుకి లాక్కుంది. రోజంతా పిల్లను ఒళ్లోంచి దించకుండానే మిషను తొక్కింది. పాలు వేడిగా ఉంటే తనే ఊది చల్లార్చి తాగించింది.

సాయంత్రం మొగుడు వచ్చి, నీళ్లు తాగబోయి గ్లాసు కోసం వెతికాడు.

"నా గ్లాసు అటకెందుకు ఎక్కింది?"

ఆమె ఫోను మరిది చేతికిచ్చింది. అతను పైకి చదివాడు. ముందుగా తేరుకున్నది అత్తే.

"నాదేరా అది. మచ్చలు ముసలిదానికి గాక మీకెందుకుంటాయి?"

ఆ అబద్ధాన్ని ఎవరూ నమ్మలేదు. మొగుడు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తను ఆరోగ్య కేంద్రానికి రానన్నాడు. ఛాతీ జబ్బని తెలిస్తే సూపర్‌వైజరు గేటు దాటనివ్వడనీ, పోయినేడు ఇద్దర్ని అలాగే పంపేశాడనీ నేల చూస్తూ చెప్పాడు. చెబుతుండగానే దగ్గొచ్చింది. దాన్ని ఆపుకోబోయి కళ్లమ్మట నీళ్లు తెచ్చుకున్నాడు.

"పంపేస్తే పంపెయ్యనీ," అంది కాలర్లామె. "నువ్వు రాకపోతే నీ బదులు నేనే వెళ్లి అడుగుతా."

తెల్లారి నలుగురూ బయల్దేరారు. పిల్ల ఆమె చంకలోనే ఉంది. బస్సులో మొగుడి పక్కన చోటున్నా ఆమె రెండు సీట్ల వెనక కూర్చుంది. అతను ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, మళ్లీ తిరగలేదు.

ఆరోగ్య కేంద్రంలో అదే నర్సు. నలుగురి పేర్లూ అడిగి ట్యాబ్ మీద వేలు జరుపుతూ పోయింది. వేలు ఆగింది. తలెత్తి కాలర్లామెను చూసింది.

"మచ్చ మీ ఎక్స్‌రేలో ఉందమ్మా."

కాలర్లామె పక్కకి జరిగి మొగుణ్ణి ముందుకి తోసింది. "ఈయన్ని చూడండి సిస్టరమ్మా. దగ్గేది ఈయన."

"ఈయనకి టీబీ గుర్తులేం లేవు. ఆ దగ్గు దుమ్ము వల్లొచ్చేది. దానికి డాక్టరుగారికి వేరేగా చూపిస్తాం. ఇది మీదే." నర్సు గొంతు తగ్గించింది. "సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోందా? సన్నబడ్డారా?"

ఈ ఆర్నెల్లలో తన జాకెట్లు తనే రెండుసార్లు బిగించి కుట్టుకుంది. మిషను తొక్కితే ఎవరైనా సన్నబడతారనుకుంది. ఆమె చంకలోని పిల్ల వైపు చూసింది. నిన్నంతా ఆ ముఖాన్ని తన ముఖానికి ఆనించుకునే కూర్చుంది. పిల్లను మొగుడికి అందించి, నాలుగడుగులు వెనక్కి వేసి గోడకి అంటుకుపోయింది.

మెసేజ్‌లో పేరెందుకు పెట్టలేదని మరిది కోపంగానే అడిగాడు. ఎవరి జబ్బు సంగతి వాళ్లకి మాత్రమే తెలియాలని పెట్టరంది నర్సు. మనిషికో ఫోను ఉంటుందనుకున్న వాళ్లు రాసిన పద్ధతి అదని తనే ఒప్పుకుని, వాళ్ల వివరాల కింద 'నలుగురికీ ఒకటే ఫోను, పిలిచి మాట్లాడాలి' అని ఎక్కించింది.

కళ్లె పరీక్షలో టీబీ అని తేలింది. ఆరు నెలలు మందు. పిల్లకి మూడు రోజులు పరీక్షలు జరిగాయి. ఆ మూడు రోజులూ కాలర్లామె ముద్ద ముట్టలేదు. పిల్లకి అంటలేదన్నారు, అయినా ముందు జాగ్రత్తకి మందు రాశారు. మొగుడు పిల్లను అత్త గదిలో పడుకోబెట్టి, తను మాత్రం పెళ్లాం గది గుమ్మానికి అడ్డంగా పక్క వేసుకున్నాడు. వద్దంటే వినలేదు. పిల్ల గడప అవతల నిలబడి రమ్మని ఏడిస్తే, ఆమె ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని గోడవైపు తిరిగేది.

రెండు వారాల మందు తర్వాత మళ్లీ పరీక్ష చేసి, ఇక అంటదని నర్సు ఫోను చేసి చెప్పింది. పిల్ల పరుగున వచ్చి ఒళ్లోకి ఎక్కింది. కాలర్లామె దాన్ని రెండు చేతులా పట్టుకుని, ముఖం మాత్రం పక్కకి తిప్పుకుని ఊపిరి తీసుకుంది. ఆరు నెలలకి జబ్బు పూర్తిగా పోయింది. ఆ ముఖం తిప్పుకోవడం పోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది.