చిన్న లైటు

అద్దానికి పట్టిన నాచును బ్లేడుతో గీకుతుండగా అతని వెనక తొట్టెలో ఒక హత్య జరిగింది. నిన్న వేసిన కొత్త చేపను చారల చేప మూలకు తరిమి, ముందు రెక్కలు కొరికి, తర్వాత కళ్ళు పెరికింది. అతను వల ముంచి శవాన్ని తీసి బకెట్లో వేశాడు. చంపిన చేప ఏమీ ఎరగనట్టు అద్దం దగ్గరికి వచ్చి మేత కోసం నోరు తెరిచింది. అతనూ ఏమీ ఎరగనట్టు మేత చల్లాడు. ఆ కొట్లో బతకాలంటే కొన్నిటిని చూడనట్టు ఉండాలని ఎప్పుడో నేర్చుకున్నాడు.

ఆ చేపల కొట్టు అతని బావది, అంటే అక్క మొగుడిది. వేళ్ళ సందుల్లో ఆకుపచ్చ రంగు ఎంత తోమినా వదలదు కాబట్టి అందరూ అతణ్ణి నాచు అని పిలుస్తారు. నలభై దాటాయి, పెళ్ళి లేదు. కొట్టు వెనక పంపులూ ఇసుక బస్తాలూ పెట్టే గదిలో మడత మంచం మీద పడుకుంటాడు. ముందు పన్ను ఒకటి లేదు, బావ విసిరిన ఫిల్టరు మోటారు తగిలి పోయింది. ఎడమ చెవి సరిగ్గా వినపడదు, దానికి మోటారు అక్కర్లేకపోయింది, అరచెయ్యి సరిపోయింది. ఎవరైనా అడిగితే "జారిపడ్డానండీ" అంటాడు. అన్నిసార్లు జారిపడేవాణ్ణి నీళ్ళ పనిలో ఎందుకు పెట్టుకున్నారని అడిగిన నాథుడు లేడు.

బావకు కోపం ముక్కు మీద ఉంటుందని వీధిలో అంటారు. ముక్కు మీదే ఉంటే ఇబ్బంది లేకపోయేది. అది చేతిలో ఉంటుంది.

ఆ రోజు తొలి బేరానికి ఒక నర్సమ్మ వచ్చింది.

"ఇంట్లో చిన్న తొట్టె ఉందండీ. నిజం మొక్కలు వేద్దామని ఉంది. డ్యూటీలతో నాకు చూసుకునే తీరిక ఉండదు. ఓ పట్టాన చావని మొక్కలేమైనా ఉన్నాయా?"

బావ పై అరలోంచి పొడుగాటి లైటు దించాడు. "ముందు ఇది పెట్టండి మేడమ్. పట్టపగల్లా ఉంటుంది. మొక్కలు పిచ్చెత్తినట్టు పెరుగుతాయి."

నర్సమ్మ నాచు వైపు చూసింది, తడి మొక్కలు పట్టుకుని నిలబడ్డది అతనే కనుక. అతను ఏ ధ్యాసలో ఉన్నాడో, నోరు జారాడు.

"వీటికి అంత వెలుగు వద్దండీ. జావా ఫెర్నూ, అనూబియాసూ నీడలో బతికేవి. నిదానంగా ఒక్కో ఆకే వేస్తాయి. వెలుగు ఎక్కువైతే అది వీటికి అక్కరకు రాదు, నాచుకి విందు. ఆకుల మీదికి పాకి ఊపిరాడనివ్వదు. చిన్న లైటు చాలు. అదీ రోజంతా వద్దు, కాసేపు వేసి ఆర్పెయ్యండి."

ఆమె చిన్న లైటే కొనుక్కుంది. బావ నవ్వుతూ సంచిలో పెట్టి ఇచ్చాడు, గుమ్మం దాకా సాగనంపాడు, అద్దాల తలుపు మూశాడు. వెనక్కి వచ్చి నాచు జుట్టు పట్టుకుని ముఖాన్ని ఖాళీ తొట్టె అంచుకేసి కొట్టాడు.

"నా కొట్లో నిలబడి నా బేరం చెడగొడతావా?"

కనుబొమ్మ చిట్లి రక్తం కంట్లోకి దిగింది. నాచు ఒక చేత్తో దాన్ని ఒత్తుకుంటూ, రెండో చేత్తో మొక్కలు నేల మీద పడకుండా చూసుకున్నాడు.

దెబ్బ సంగతి అలా ఉంచితే, అతని ప్రాణం పీకుతున్నది వేరే. బావ ఇంటి ముందుగదిలో ఆ పొడుగాటి లైటే వెలుగుతోంది. పెద్ద బేరాలవాళ్ళకు చూపించడానికని బావ అక్కడ బారెడు పొడుగు తొట్టె పెట్టించాడు. దుంగలకు దారంతో ఆ నీడ మొక్కలే కట్టి అమర్చింది నాచే. లైటు మాత్రం బావ ఎంచాడు, లేచింది మొదలు పడుకునేదాకా ఆర్పనివ్వడు. నీళ్ళు పచ్చబడ్డాయి. ఇంట్లో ఊరికే కూర్చుని తొట్టె కడగలేవా అని అక్కను కొట్టాడు. అక్క కడిగింది. మళ్ళీ పచ్చబడ్డాయి, మళ్ళీ కొట్టాడు. మొన్న నాచు వెళ్ళినప్పుడు ఆమె గరిటె ఎడమచేత్తో పట్టుకుని ఉంది. కుడి మణికట్టు బుంగలా వాచింది. "జారిపడ్డాన్రా," అంది. ఆ అబద్ధం తమ్ముడి దగ్గరే నేర్చుకుంది.

ఈ సాయంత్రం ఒక హోటలు యజమాని ఆ తొట్టె చూడటానికి వస్తున్నాడు. నీళ్ళు పచ్చగా కనబడితే అక్క ఒంట్లో ఎముక ఒక్కటీ మిగలదని నాచుకు భయం పట్టుకుంది.

మధ్యాహ్నం బావ గోడౌనుకు వెళ్ళగానే అతను లైట్లన్నీ వరసగా బల్ల మీద పేర్చాడు. వెలుగు కొలవడానికి అతనికి సొంత పద్ధతి ఒకటి ఉంది. లైటును తొట్టె మీద పెట్టి, చేతిని నీళ్ళ అడుగుదాకా దించుతాడు. అరచేతి గీతలు కనబడితే ఆ లైటు నాచును పెంచుతుంది. అసలు చెయ్యే కనబడకపోతే మొక్క కుళ్ళుతుంది. వేళ్ళు తెలుస్తూ గీతలు తెలియకుండా ఉంటే అదీ లెక్క. నాలుగైదు పెట్టి తీశాక, ఎవరూ కొనక దుమ్ము కొట్టుకుపోయిన చిన్న లైటు ఒకటి ఆ లెక్కకు వచ్చింది. దానితో పాటు వేళకు వెలిగించి వేళకు ఆర్పే టైమరు ఒకటి జేబులో వేసుకుని, పరుగులాంటి నడకతో అక్క ఇంటికి చేరాడు.

అక్క అతని కనుబొమ్మ చూసింది. పసుపు తెచ్చి అద్దింది.

ఇద్దరూ బకెట్లతో నీళ్ళు తోడి కొత్త నీళ్ళు పోశారు. అతను ఆకుల్ని ఒక్కొక్కటే వేళ్ళతో తుడిచాడు. పొడుగు లైటు దించి చిన్నది పెట్టాడు. గోడకు టైమరు తగిలించి, పొద్దు వాలే వేళకు ఆరిపోయేలా తిప్పాడు. హోటలాయన ఎండ ఉండగానే వస్తాడని బావ చెప్పాడు మరి.

"చెయ్యి పెట్టక్కా."

ఆమె వాచిన చేతిని నీళ్ళలో దించింది. ఆ మసక వెలుగులో వేళ్ళు తెలుస్తున్నాయి, కమిలిన మచ్చ తెలియడం లేదు. చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "బావుందిరా, దీని కింద నేనూ బాగానే ఉన్నాను," అని నవ్వింది. ఆమె నవ్వి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు.

"వచ్చెయ్యక్కా. ఎక్కడికైనా పోదాం."

"ఎక్కడికిరా? నీ మడత మంచం మీదికా? అదీ ఆయన కొట్లోదేగా." తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంది. "నీళ్ళు తేటగా ఉంటే చాలు. ఇంక ఏమీ అనడులే."

నాచు తలూపాడు. అతనూ అదే నమ్మాడు. ఏళ్ళ తరబడి చేపలతో బతికినవాళ్ళకే ఇలాంటి పొరపాటు సాధ్యం. చేప తిక్కగా తిరుగుతుంటే వాళ్ళు నీళ్ళు చూస్తారు, వెలుగు చూస్తారు. అవి సరిచేస్తే చేప సర్దుకుంటుంది. మొగుడికీ అదే వైద్యం పనిచేస్తుందని ఆ అక్కాతమ్ముళ్ళు మనస్ఫూర్తిగా అనుకున్నారు.

హోటలాయన ఆలస్యంగా, పొద్దు వాలుతుండగా బావతో కలిసి వచ్చాడు. తొట్టె బాగా కనబడాలని కిటికీ తెరలు దించి ఉన్నాయి, గదిలో వేరే లైటు లేదు. గదిలో చిన్న లైటు చూడగానే బావ దవడ బిగుసుకుంది. హోటలాయన మాత్రం అద్దం ముందు చతికిలబడి లేవలేదు.

"అబ్బ! కళ్ళకి ఎంత హాయిగా ఉందండీ! వాగులోకి తొంగి చూసినట్టుంది. మా హోటల్లోనూ అచ్చం ఇలాగే కావాలి."

బావ ఛాతీ పొంగింది. "లైటింగు దగ్గరుండి నేనే చూసుకున్నానండీ," అన్నాడు. అక్క తలుపు పక్కన మంచినీళ్ళ గ్లాసులతో నిలబడి తమ్ముడి వైపు చూసింది. గట్టెక్కాం అన్నట్టున్న ఆ చూపు చూసి నాచు ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు టైమరు టిక్కుమంది. గది చీకటైంది.

స్విచ్చు ఉన్న గోడకు దగ్గరగా ఉన్నది అక్క. బావ ఇంకేమీ చూడలేదు. చెంప ఛెళ్ళుమన్న చప్పుడూ, గ్లాసులు పగిలిన చప్పుడూ కలిసే వినిపించాయి. "మనుషులుండగా లైటార్పి పొమ్మంటున్నావా?" అంటూ కింద పడ్డ మనిషిని కాలితో తన్నాడు. మళ్ళీ తన్నాడు.

"అక్క కాదు బావా, నేనే! టైమరు పెట్టాను. నన్ను కొట్టండి!"

అడ్డం వెళ్ళి అక్క మీద పడ్డాడు నాచు. తొట్టె పక్కన, మొక్కలు కట్టగా మిగిలిన ఎండు దుంగ ఒకటి ఉంది. బావ దాన్ని ఎత్తి అతని తల మీద వేశాడు. ఒకటి పడ్డాక ఆగలేదు. హోటలాయన చీకట్లో చెప్పులు వెతుక్కుని కిక్కురుమనకుండా మెట్లు దిగిపోయాడు.

అక్క లేచింది. గాజుపెంకులు అరికాళ్ళలో దిగుతున్నా మొగుడి మీదికి పోయి, మణికట్టు కొరికి, దుంగ లాక్కుంది. రెండు చేతులా పైకెత్తింది. "రా!" అంది. ఆమె గొంతు అలా ఉంటుందని ఆమెకే తెలియదు. బావ వెనక్కి అడుగేశాడు. ఆమె దుంగ దించకుండానే "లేరా తమ్ముడూ, పోదాం," అంది.

నాచు లేచి నడిచాడు. వీధి చివర బస్టాపు బెంచీ దాకా మామూలుగానే నడిచాడు. ఆసుపత్రి బస్సు కోసం కూర్చున్నారు. అతని తల రవ్వంత తడిగా ఉంది, అంతే. అక్క ఏడుస్తూ తిడుతోంది, మొగుణ్ణీ, తమ్ముణ్ణీ, హోటలాయన్నీ. అతను ఆమె భుజం మీద తల పెట్టాడు.

"నిద్రొస్తోందక్కా."

"బస్సొచ్చేదాకా ఆగరా."

"పొద్దున్న మళ్ళీ అదే వెలుగుతుంది. నువ్వేం ముట్టుకోకు."

బస్సు వచ్చింది. ఆమె తమ్ముణ్ణి లేపింది. కండక్టరు దిగి వచ్చి, ఒకసారి అతని ముఖం చూసి, టోపీ తీశాడు.

బావను పోలీసులు తీసుకుపోయారు. దహనం అయ్యాక అక్క తన బట్టల కోసం ఒక కానిస్టేబులమ్మను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళింది. నేల మీద రక్తమూ గాజుపెంకులూ అలాగే ఉన్నాయి. నాలుగు చీరలు సంచిలో కుక్కుకుంది. వెళ్ళబోతూ తొట్టె ముందు ఆగి, వాపు తగ్గని చేతిని నీళ్ళలో దించింది, వేళ్ళు చూసుకుంది, తీసేసింది. తలుపుకు తాళం వేసుకుని ఇద్దరూ మెట్లు దిగారు.

లోపల టైమరు టిక్కు టిక్కుమంటూ తిరుగుతోంది, తొట్టెలో అనూబియాసు ఒక కొత్త ఆకు విప్పుతోంది, చిన్న లైటు వెలుగులో నీళ్ళు అడుగుదాకా తేటగా ఉన్నాయి.