మొదటి లారీలో ఎవరు?

పాఠకులారా, ఏ ప్రభుత్వ కార్యాలయంలోనైనా రోజూ కనిపించే దృశ్యమే ఇది. బల్ల మీద ఫైలు, అందులో పద్దెనిమిది సంతకాలు, పంతొమ్మిదోది పెట్టవలసిన మంత్రిగారు. ఏటి మీద కొత్త వంతెనకు మర్నాడే ప్రారంభోత్సవం.

"అన్నీ చూశాం సార్. తమరిక్కడ ఒక్క సంతకం పడేస్తే చాలు," అన్నాడు చీఫ్ ఇంజనీరు.

మంత్రిగారు ఇరవై ఎనిమిదేళ్లు సైన్యంలో వంతెనలు వేసిన మనిషి. జనం ఆయన్ని ఇప్పటికీ కర్నల్ గారనే పిలుస్తారు. ఆయన కలం ముట్టుకోలేదు.

"రేపు మొదటి లోడు లారీలో ఎవరు వెళ్తున్నారు?"

"డ్రైవరు సార్."

"పక్కన మీరు కూర్చోండి. మా సైన్యంలో వంతెన వేసినవాడు మొదటి బండెక్కితేనే రెండో బండి కదిలేది."

చీఫ్ ఇంజనీరు నడుం నొప్పన్నాడు, ఇంట్లో పనుందన్నాడు. చివరికి తల దించుకుని, "మొన్న ఏటికొచ్చిన వరద తగ్గాక మూడో స్తంభం దగ్గరికి నేను వెళ్లలేదు సార్. కిందివాళ్లు సంతకం పెట్టారు కదా అని పెట్టేశాను," అన్నాడు.

కిందివాడు తన కిందివాణ్ణి నమ్మాడు. అట్టడుగువాడేమో పైవాళ్లెలాగూ చూస్తారని నమ్మాడు. పద్దెనిమిది మందిలో చూసినవాడు ఒక్కడూ లేడు! ఎంత సిగ్గుచేటు!

కర్నల్ గారు ప్రారంభోత్సవం ఆపేశారని తెలియగానే పార్టీ పెద్ద ఆ రాత్రి ఇంటికి ఫోను చేసి ఒంటికాలి మీద లేచాడు. "రేపు వంతెన తెరవకపోతే ఎల్లుండికి నీ పదవి ఉండదు!"

"అలాగే కానివ్వండి," అన్నారు కర్నల్ గారు. పక్కనే ఉన్న భార్య నవ్వింది. "పదవి పోతే పోనీండి. నాకు కూరలు తరగడానికో మనిషి దొరుకుతాడు."

తెల్లవారగానే ఆయన ఇంజనీరుతో కలిసి మోకాలి లోతు బురదలోకి దిగారు. మూడో స్తంభం పునాది కింద మట్టి కోసుకుపోయి, మనిషి దూరేంత ఖాళీ ఉంది. ఇంజనీరు చేతులు జోడించాడు.

"నన్ను ఉద్యోగంలోంచి తీసేయండి సార్."

"తీసేస్తే ఇంకొకడొచ్చి ఇలాగే సంతకం పెడతాడు. పడుచుతనంలో నేనూ వంతెన చూడకుండా డేరాలో కూర్చుని సంతకం పెట్టాను. అది కుంగి, మొదటి లారీ తోలినవాడికి కాలు పోయింది. మొదటి బండి పద్ధతి ఆ తర్వాతే వచ్చింది. మీరు అదృష్టవంతులు, మీకింకా సరిదిద్దుకునే వీలుంది. దిద్దండి."

స్తంభం కింద కోసుకుపోయిన చోటు ఫొటో పేపర్లో పడి ఊరంతా చూసింది. పదవి పీకేస్తానన్న పెద్దమనిషి మళ్లీ నోరెత్తలేదు.

నాలుగు నెలలు ఇంజనీరు ఏట్లోనే ఉన్నాడు. మూడో స్తంభం పునాది మళ్లీ కట్టించి, ప్రతి స్తంభాన్నీ తన చేత్తో తడిమి చూశాడు. ప్రారంభం రోజున ఎవరూ అడక్కుండానే మొదటి లారీ ఎక్కాడు. కూతుర్ని కూడా ఎక్కించుకున్నాడు. రాళ్ల లోడుతో లారీ అవతలి గట్టు చేరగానే జనం కేకలతో ఏరు దద్దరిల్లింది. ఆ పిల్ల కిటికీలోంచి చేతులూపుతుంటే తండ్రి కళ్లు తుడుచుకున్నాడు. కర్నల్ గారి ఆనందానికి అంతులేదు.

చప్పట్లు ఆగాక ఆయన మైకు అందుకున్నారు.

"ఈ చప్పట్లు ఆ లారీలో ఉన్న ఇంజనీరుకు చెందాలి. మిగతా అందరికీ ఒక్క మాట. ఏ కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చినా, దాన్ని నమ్ముకుని అడుగేసే మొదటి మనిషి మన బిడ్డే అనుకోండి. అప్పుడు చెయ్యి దానంతటదే ఆగుతుంది, కళ్లు చూడడం మొదలుపెడతాయి."